ధనలక్ష్మి గారు నిద్రపోయిన కారు

దూరప్రయాణాలకి హాయిగా ఉండే స్పోర్ట్స్ కారు ఏది? కార్లు అమ్మే ఉద్యోగంలో నన్ను ఎక్కువగా తికమక పెట్టిన ప్రశ్న ఇదే. రిటైరయ్యాను కాబట్టి జవాబు తెలిసే ఉంటుందనుకుని, మా షోరూమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. నాకు తెలిసినంతవరకు రాస్తాను. ఎంత తెలుసో చదివాక మీరే చెప్పండి.

నా పేరు సీతామహాలక్ష్మి. రాజమండ్రిలో హైవే పక్కనున్న ఒక షోరూమ్‌లో పనిచేశాను. మొదట్లో మామూలు సంసారులు కొనుక్కునే చిన్న కార్లే అమ్మేవాళ్ళం. తర్వాత రోడ్లు వెడల్పయ్యాయి, కొందరి చేతుల్లో డబ్బు ఆడింది, పై ఊళ్ళ నుంచి ఖరీదైన కార్లు, కొత్తవీ పాతవీ, తెప్పించి అమ్మడం మొదలైంది. నేను చేరింది రిసెప్షన్‌లో కూర్చోడానికి. మా నాన్న టాక్సీ తోలేవారు, నాకు డ్రైవింగ్ ఆయనే నేర్పారు. ఆ సంగతి ఎలాగో బయటపడి నన్ను అమ్మకాల్లో వేశారు. ఆ తర్వాత వచ్చిన పదవుల గురించి, టార్గెట్ల గురించి రాయను. అవి ఏ షోరూమ్‌లోనైనా ఒకటే.

మూర్తి గారి సిద్ధాంతం

మా మేనేజరు మూర్తి గారు నాకు మొదటి గురువు. మంచి మనిషే. మాటలో మాత్రం దాపరికం ఉండేది కాదు.

“సీత గారూ, స్పోర్ట్స్ కారు కొనేవాడు అందులో కూర్చోడానికి కొనడండి. ఎదురింటివాడు చూడ్డానికి కొంటాడు. మీరు సీటు గురించి మాట్లాడకండి, రంగు గురించి మాట్లాడండి” అనేవారు.

ఈ మాట నాకు నచ్చలేదు. కానీ వరహాలశెట్టి గారి విషయంలో అది అక్షరాలా నిజమైంది.

శెట్టి గారు స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి. బెంగళూరు దాకా తనే నడుపుకుంటూ వెళ్ళాలని ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. పంచె కట్టుకునే మనిషి. బండి నేలకి జానెడెత్తులో ఉంది. వాళ్ళ వీధిలో ఇంటి ముందు కాలువ, దాని మీద రాతిపలక. బండి ముక్కు ఆ పలకకి తగిలి ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి శెట్టి గారు ఒక కాలు బయటా ఒక కాలు లోపలా పెట్టుకుని, రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉన్నారు.

“అమ్మా, ఎక్కడమంటే బావిలో దిగినట్టుంది. దిగడమంటే బావిలోంచి పైకొచ్చినట్టుంది” అన్నారు.

తిరిగి ఇచ్చేస్తారని భయపడ్డాను. ఇవ్వలేదు. బండిని తీసుకెళ్ళి కొట్టు ముందు పెట్టుకున్నారు. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు బిందెలూ గిన్నెలూ కొనుక్కెళ్ళారు. బెంగళూరు ఆయన రైల్లోనే వెళ్ళొచ్చారు. బండి గురించి ఎప్పుడడిగినా “బ్రహ్మాండంగా ఉందమ్మా” అనేవారు.

ఎక్కి తిరగని కారు బ్రహ్మాండంగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. మూర్తి గారు మాత్రం నావైపు చూసి కళ్ళెగరేశారు.

ఆయన చెప్పింది సగమే నిజమని ఇప్పటికీ అంటాను. రంగు చూసి కొన్నవాళ్ళు ఎంతమందో, నడుము నొప్పితో తిరిగొచ్చినవాళ్ళూ అంతమంది. అందుకే నాకంటూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. కొనేవాళ్ళని ఎక్కించి దింపాలి, ఒకటికి పదిసార్లు. వాళ్ళ వీధిలోకే బండి తీసుకెళ్ళాలి. టైరులో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు మరీ పలచగా ఉంటే గుంతలన్నీ వెన్నెముకకి తెలుస్తాయి. సైలెన్సర్ మోత ఐదు నిమిషాలు సరదాగా ఉంటుంది, ఐదు గంటలకి తలనొప్పి. సీటు మెత్తగా ఉండటం వేరు, నడుముని పట్టుకుని ఉండటం వేరు. ఇవన్నీ నిజాలే. వీటితోనే చాలా కార్లు అమ్మాను, చాలామంది దీవించారు కూడా. ఉప్పాడ నుంచి నూకరాజు గారు వచ్చేదాకా ఇంతకంటే తెలుసుకోవాల్సింది లేదనుకున్నాను.

వెనక సీట్లు వద్దండి

నూకరాజు గారు చేపల వ్యాపారి. ఒకప్పుడు సొంత బోటు మీద వేటకెళ్ళిన మనిషి, తర్వాత ఐసు పెట్టెల్లో చేపలు పై ఊళ్ళకి పంపే స్థాయికొచ్చారు. ఎత్తుగా, వెడల్పుగా ఉంటారు. షోరూమ్‌లోకి వచ్చి చెప్పులు బయట విప్పబోతే నేనే వద్దన్నాను.

“దూరాలెళ్ళాలండి మేడమ్ గారూ. స్పోర్ట్స్ కారు కావాలి. కానీ హాయిగా ఉండాలి. వెనక సీట్లు మాత్రం వద్దండి.”

“ఎందుకండి?”

“ఉంటే ఎవరో ఒకరు ఎక్కుతారండి. ఇన్నాళ్ళూ నా వ్యాన్‌లో ఊరంతటినీ ఎక్కించుకు తిప్పాను. ఈ బండి నాకూ మా ఇంటిదానికీ.”

ఎక్కడికి వెళ్తారని అడిగాను. ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించారు. నాగపూర్, జబల్‌పూర్, ఇంకా పైన ఏవేవో ఊళ్ళు. వేలితో మ్యాపు మధ్యలో ఒక గుండ్రం చుట్టారు.

“సముద్రం లేని ఊళ్ళండి. అవన్నీ చూస్తాం.”

జీవితమంతా సముద్రం మీద బతికిన మనిషి ఆ మాట అంటే నవ్వొచ్చింది. నా నవ్వు చూసి ఆయన కూడా నవ్వారు గానీ, అంతలోనే సర్దుకున్నారు.

“మాకు ఇల్లు అచ్చిరాలేదండి. మా నాన్న కట్టింది సముద్రంలో కలిసిపోయింది. నేను కట్టిందీ పోయింది. ఇల్లు కడితే అది అక్కడే ఉంటాది. కెరటం వచ్చినప్పుడు లేచి పరిగెట్టలేదు. కారు పరిగెడతాది కదండి.”

కారు కొనడానికి అలాంటి కారణం అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఆవిడ ఒక్కతే వచ్చింది

మర్నాడు ఒకావిడ వచ్చింది. నేత చీర, చేతిలో చిన్న సంచి. కార్ల వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

“నిన్న వచ్చారు కదండి నూకరాజు గారు. నేను ఆయన భార్యని, ధనలక్ష్మిని. ఆయనకి కారు అమ్మకండమ్మా.”

కాఫీ తెప్పించాను. ఆవిడ ముట్టుకోలేదు.

“పిఠాపురంలో చిన్న స్థలం చూశానండి. సముద్రం అక్కడికి రాలేదు. నాకు నాలుగు గోడలు కావాలి. గోడలు కదలకుండా ఉండాలి. ఈయనేమో చక్రాలున్నది కొంటానంటారు. అద్దె కొంపలో ఉండి స్పోర్ట్స్ కారేంటండి? నలుగురూ నవ్వరా?”

ఆవిడ చెప్పింది న్యాయంగానే ఉంది. ఆయన చెప్పిందీ అన్యాయంగా అనిపించలేదు. ఇద్దరికీ ఇంత బలమైన కారణాలుంటే మధ్యలో కారు అమ్మే మనిషి ఏం చెయ్యాలి? మూర్తి గారిని అడిగాను.

“కొంటానన్నవాడికి అమ్మాలండి. వద్దన్నవాళ్ళు వాళ్ళింట్లో తేల్చుకుంటారు” అన్నారు.

అలా చెయ్యడం నా వల్ల కాలేదు. ధనలక్ష్మి గారితో, “ఒక్కసారి ఎక్కి చూడండి. అప్పుడూ వద్దంటే నేనే ఆయనకి నచ్చజెబుతాను” అన్నాను. అలా ఎందుకన్నానో సరిగ్గా చెప్పలేను. అమ్మాలనో, ఆవిడ వైపు ఉండాలనో, ఏదీ తేల్చుకోకుండా అనేశాను. ఆవిడ సరేనంది.

మూడు కార్లు

రెండ్రోజులకి ఇద్దరూ కలిసి వచ్చారు. మొదటిది ఎర్ర బండి, రెండే సీట్లు. నూకరాజు గారిని షోరూమ్‌లో కూర్చోబెట్టి ఆవిణ్ణి ఎక్కించుకున్నాను. మోరంపూడి దాటేలోపే ఆవిడ సీటు అంచు పట్టుకుంది.

“రోడ్డు మీద గీత గీసినా నడుముకి తెలుస్తోందండి. చేపల తట్టలతో ఆటోలో వెళ్ళినా ఇంత బాధ లేదు.”

రెండోది ఎత్తైన పెద్ద బండి. పేరులో స్పోర్ట్ అని ఉన్న మాటే గానీ, సోఫాలో కూర్చున్నట్టుంటుంది. ఆ ధర బళ్ళలో హాయికి మించింది లేదని నేను అందరికీ చెప్పే బండి అది. వేమగిరి దాటాక ఆవిడ ముఖం పాలిపోయింది. కడియపులంక నర్సరీల దగ్గర, మొక్కలెత్తుతున్న లారీల వెనకాల ఆపాను. ఆవిడ దిగి నీళ్ళు తాగింది.

“పడవలా ఊగుతోందండి. ఆయనకైతే అలవాటు. నాకు కడుపులో తిప్పేసింది.”

గట్టి బండి పనికిరాలేదు, మెత్తటిదీ పనికిరాలేదు. ఇంక నా పద్ధతుల్లో మిగిలిందేమీ లేదు.

తర్వాతి వారం మళ్ళీ రమ్మన్నాను. షోరూమ్ వెనక షెడ్డులో పట్టా కప్పి ఉన్న పాత బూడిదరంగు కారు ఒకటి ఉంది. రెండు తలుపులు, ముందు సీట్లు వెడల్పు, వెనక మాత్రం పేరుకి రెండు సీట్లు. ఆ వెనక సీట్లు మనిషి కూర్చోవడానికి పనికిరావని, సంచులు పెట్టుకోవాలని కొనేవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఎవరికీ నచ్చక అలాగే ఉండిపోయింది. టైర్లు కాస్త మందంగా ఉన్నాయని, సీటు ఎత్తు ఆవిడకి సరిపోతుందని, ఆఖరి ప్రయత్నంగా దాన్ని తీశాను.

“ఈసారి నేనూ వస్తానండి” అన్నారు నూకరాజు గారు.

“వెనక పట్టరండి మీరు.”

“పడతాను లెండి.”

ఎలా దూరారో దూరారు. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి, తల పైకప్పుకి తగిలి ఒక పక్కకి వంగింది.

ధనలక్ష్మి గారు బండి గురించి ఒక్క మాటా అనలేదు. పిఠాపురం స్థలం గురించే మాట్లాడుతోంది. వంటగది కిటికీ ఎటు పెట్టాలి, గోడలు ఎంత మందం ఉండాలి, మెట్లు లోపలా బయటా అని. కడియపులంక దాటాం. “పునాది మాత్రం...” అని ఆగిపోయింది. వెనకాయన మీద కోపమొచ్చి ఆపేసిందేమో అనుకున్నాను. జొన్నాడ వంతెన ఎక్కాక పక్కకి చూస్తే, తల తలుపు వైపు వాలి ఉంది. నిద్రపోతోంది.

మేం టెస్ట్ డ్రైవ్‌కి రావులపాలెం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాళ్ళం. అక్కడికొచ్చి వేగం తగ్గించాను. వెనక నుంచి గుసగుసగా వినిపించింది.

“ఆపకండి మేడమ్ గారూ.”

“ఏంటండి?”

“ఆపకండి. పోనివ్వండి.”

పోనిచ్చాను. నా ఫోన్ మోగితే నొక్కేశాను, చేసింది మూర్తి గారు. సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన కూడా దాటాక నూకరాజు గారు నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా చెప్పారు.

“ఇల్లు పోయిన కాడ్నుంచి ఇది ఇలా పడుకోడం చూళ్ళేదండి. కన్ను మూస్తాది, కెరటం కొట్టినట్టుందని లేచి కూర్చుంటాది. అద్దె ఇల్లు సముద్రానికి ఎంత దూరమోనండి. అయినా లేస్తాది. డాక్టర్లకి చూపించాం. గోడలు కావాలంటాది గానీ, గోడల మధ్య పడుకోలేదండి. అందుకే గోడల్లేనిది కొందామనుకున్నాను. ఈ మాట దానికి చెప్పలేను. ఏడుస్తాది.”

స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. బ్రేకు వెయ్యాలంటే భయమేసింది. గేరు మార్చాలన్నా భయమే. తామరాకు మీద నీళ్ళు మోసుకెళ్తున్నట్టు తోలాను.

తణుకు దాటాక రోడ్డు పనులు జరుగుతున్నాయి. బండి మట్టిరోడ్డు మీదికి దిగి ఊగింది. ఆవిడ కళ్ళు తెరిచింది.

“ఏ ఊరండి ఇది?”

“తణుకు దాటామండి.”

“తణుకా? పరాయి మనిషి పక్కన ఇంతసేపు నిద్రపోయానా? లేపలేదేంటయ్యా?” అని వెనక్కి తిరిగింది.

టీ కొట్టు దగ్గర ఆపాను. నూకరాజు గారు దిగబోయి కూలబడ్డారు. రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. రోడ్డు పక్క ఇనుప కమ్మీ మీద కూర్చుని పిక్కలు చరుచుకుంటూ నవ్వుతున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఏంటి, ఏడుస్తున్నావా?” అంది ఆవిడ.

“కాళ్ళు తిమ్మిరే” అన్నారాయన.

ఆవిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, చీర కొంగు బిగించి, ఆయన పిక్కలు తనే రుద్దడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి ఆవిడే ఫోన్ చేసింది. “ఆ బండి ఎవరికీ ఇచ్చేయకండమ్మా.”

“మరి ఇల్లండి?”

“ఒక గది తగ్గించుకుని కట్టుకుంటాం.”

బండిలో ఏదో తేడా

ఈ కథ నేను షోరూమ్‌లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. హాయైన కారంటే ఎక్కినవాళ్ళకి నిద్రపట్టే కారు అని, దానికి మందమైన టైరు, వెడల్పు సీటు, సన్నటి ఇంజిను చప్పుడు కారణాలని వివరించేదాన్ని. వినేవాళ్ళు తలలూపేవారు.

వాళ్ళు నాగపూర్ బయల్దేరిన కొన్నాళ్ళకి నూకరాజు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

“మేడమ్ గారూ, బండిలో ఏదో తేడా ఉందండి. నిద్ర పట్టట్లేదు.”

“బండి తోలేటప్పుడు నిద్ర పట్టకపోవడం మంచిదే కదండి.”

“నాకు కాదండి. దానికి!”

తిరిగొచ్చాక బండి తీసుకొచ్చారు. మా మెకానిక్కు పైకెత్తి, కింద పడుకుని అంతా చూశాడు. ఏ లోపమూ లేదు. ధనలక్ష్మి గారు నన్ను పక్కకి పిలిచింది.

“బండిలో ఏమీ లేదండి. ఆయన తోలుడులో ఉంది. ముందు లారీ కనబడితే చాలు, వేటలో చేపల వెంటపడ్డట్టు వెంటపడతారు. నా కాలు కూడా బ్రేకు వేస్తున్నట్టు నేలని నొక్కుతూనే ఉంటుంది. మీరు తోలితే పట్టింది.”

అప్పుడు నా సిద్ధాంతం మార్చుకున్నాను. హాయి కారులో ఉండదు, తోలేవాళ్ళ పాదంలో ఉంటుంది అని అందరికీ చెప్పసాగాను. మా నాన్న నేర్పిన డ్రైవింగ్ మీద నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. మూర్తి గారు మాత్రం, “అలా అయితే కారుతో పాటు మిమ్మల్నీ అమ్మాలండి” అన్నారు.

ధనలక్ష్మి గారు పిఠాపురంలో డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ వయసులో, ఆ చీరతో, స్కూల్‌వాళ్ళు ముందు నవ్వారట, తర్వాత మానేశారట. జబల్‌పూర్ దాకా సగం దారి ఆవిడే తోలింది. పగలంతా తోలి, లాడ్జీ గదిలో మొద్దులా పడి నిద్రపోయేదాన్నని నాతో చెప్పింది. లాడ్జీకి నాలుగు గోడలూ ఉన్నాయి. అంటే గోడలు కాదు, సముద్రం కాదు, టైరు కాదు, నా పాదమూ కాదు. మరేంటి? ఒళ్ళు అలిసిపోవడమా? నాకు తోచలేదు. అప్పట్నుంచి ఆ కథ చెప్పడం తగ్గించాను.

పట్టిసీమ దారిలో

నేను రిటైరైన కొన్ని వారాలకి ఆ బూడిదరంగు బండి మా వీధిలోకి వచ్చింది. స్టీరింగ్ ముందు ధనలక్ష్మి గారు. పట్టిసీమ వెళ్తున్నాం, పడవ మీద గుడికెళ్ళి వీరభద్రుడి దర్శనం చేసుకుని వద్దాం రమ్మన్నారు. ముందు సీటు నాకిచ్చి నూకరాజు గారు వెనక్కి దూరారు. వద్దంటే వినలేదు.

ఇన్నేళ్ళూ కార్లలో తిరిగానే గానీ, ఏమీ అమ్మాల్సిన అవసరం లేకుండా పక్క సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కొవ్వూరు దాటి గోదావరి గట్టున వెళ్తున్నాం. రోడ్డు వంపులు తిరుగుతోంది, అక్కడక్కడా గేదెలు అడ్డొస్తున్నాయి. ఆవిడ తొందరపడకుండా ఆపుతోంది, తొందరపడకుండా పోనిస్తోంది. నేను అలవాటు కొద్దీ సీటు చూస్తున్నాను, చప్పుడు వింటున్నాను, టైరు ఏం చెబుతోందో గమనిస్తున్నాను. ఏమీ తేలక ఆవిణ్ణే అడిగేశాను.

“ఆ రోజు తణుకు దాకా ఎలా నిద్రపోయారండి? ఇప్పటికైనా చెప్పండి. నాకు అంతుపట్టలేదు.”

ఆవిడ అద్దంలో వెనక్కి చూసుకుని గొంతు తగ్గించింది.

“ఆ పొద్దున్న జలుబు మాత్ర వేసుకున్నానండి.”

నేను నోరు తెరిచాను. మూసుకోవడం మర్చిపోయాను.

“జలుబు మాత్రా?”

“మత్తుగా ఉంటుందని మందుల షాపాయన చెప్పాడు. మా ఆయనతో అనకండేం. బండి వల్లే నిద్ర పట్టిందని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటారు. ఆ సంతోషం పోతుంది.”

అడ్డొచ్చిన గేదెని చుట్టుకుని పోనిచ్చింది. మళ్ళీ తనే అంది.

“కానీ అమ్మా, ఆ మాత్రే అంతకు ముందు ఇంట్లోనూ వేసుకున్నాను. అప్పుడు పట్టలేదు. మరి ఆ రోజే ఎందుకు పట్టిందో నాకూ తెలీదండి.”

ఇంకేం అడగను? ఎంతమంది కొనేవాళ్ళకి ఎన్ని లక్షణాలు చెప్పానో, ఎన్ని సిద్ధాంతాలు మార్చానో, అన్నీ ఒక జలుబు మాత్ర ముందు తేలిపోయాయి. పోనీ ఆ మాత్రయినా నిలబడిందా అంటే, అదీ లేదు. కొత్తగా చేరినవాళ్ళకి నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. కొనేవాళ్ళని ప్రతి సీటులోనూ కూర్చోబెట్టండి. ఆ తర్వాత మీకు తెలిసింది వాళ్ళ మీద రుద్దకండి.

పట్టిసీమ రేవు కనిపించింది. ధనలక్ష్మి గారు బండిని మెల్లిగా చెట్టునీడకి తీసుకెళ్ళి ఆపింది. “దిగుదామండీ” అని వెనక్కి తిరిగాను. నూకరాజు గారు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, మెడ పక్కకి వంచుకుని, నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నారు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పడవ వెళ్ళిపోతున్నా మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. మనిషి కూర్చోవడానికి పనికిరాదని నేను అందరికీ చెప్పిన సీటది.